చర్చ: ప్రాజెక్టులతో చదువు చెప్పే చిన్న బడిలో పిల్లలు ఎలా మారతారు?

పటమట అమ్మ:
మా అమ్మాయి ఏడో తరగతి పూర్తి చేసింది. ఐఐటీ ఫౌండేషన్ ఉన్న పెద్ద స్కూలు. మార్కులకు లోటు లేదు. కానీ ఇంటికి ఎవరైనా వస్తే గదిలోకి వెళ్ళిపోతుంది, తెలియనిది అడగాలన్నా మొహమాటమే. ఊరి చివర ఒక చిన్న బడి ఉందని విన్నాం. అన్ని తరగతులూ కలిపినా వందమంది ఉండరట, టర్ముకో ప్రాజెక్టు చేయిస్తారట. మా అత్తగారేమో "ఆడుకోవడానికి కూడా ఫీజు కట్టాలా" అంటున్నారు. తొమ్మిదిలోకి వచ్చాక మార్చడం కష్టం కదా. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సత్యనారాయణపురం నాన్న:
మావాడు ఆరో తరగతి నుంచి అలాంటి బడిలోనే చదివాడండి. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాశాడు. వాడు కూడా మీ అమ్మాయి లాగే ఉండేవాడు, అందుకే వివరంగా రాస్తున్నా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగింది కదా. బడి తెరిచాక పిల్లలే అడిగారట, కృష్ణ అటుంటే ఇటు నీళ్ళెలా వచ్చాయని. ఆ టర్ము ప్రాజెక్టు అదే అయింది. బుడమేరు కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నుంచి డైవర్షన్ కాలువ ఆ నీళ్ళను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపాలి. ఆ వరదలో బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కాలువ నీళ్ళు అందులోకి సరిగా పోలేదు. కాలువకు గండ్లు పడి నీళ్ళు ఊరి మీదకొచ్చాయి. ఇదంతా భోజనాల దగ్గర మావాడు పళ్ళెం పక్కన వేలితో గీసి మా ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

నీళ్ళు దిగాక జట్లుగా, టీచర్ తోడుగా, గోడల మీద మిగిలిన మట్టి చారలను టేపుతో కొలవడానికి వెళ్ళారు. ఇంటివాళ్ళతో మాట్లాడే పని చీట్లు తీస్తే మావాడికి వచ్చింది. మొదటి ఇంటి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడట. జట్టులో ఆరో తరగతి పాప "అన్నా, తలుపు నేను కొడతా, నువ్వు అడుగు" అందట. లోపల ఒక పెద్దావిడ మనవరాలి సర్టిఫికెట్లు తాడు మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేస్తున్నారు. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వీడు టేపు పక్కన పెట్టి, చిరగకుండా ఆ కాగితాలు విడదీస్తూ కూర్చున్నాడు. ప్రశ్నలు ఆ తర్వాతే. ఆవిడే పక్కింటివాళ్ళను కూడా పిలిచి చెప్పించారట.

మ్యాపు గీశాక ఆ పాపే "నీళ్ళు ఎటు నుంచి వచ్చాయో బొమ్మలో తెలియట్లేదు" అంది. తనకంటే చిన్నపిల్ల అందరి ముందూ అనేసరికి వీడి ముఖం మాడిపోయింది. రెండు రోజులు అలిగి, మళ్ళీ గీశాడు. ఆ వీధుల వాళ్ళను పిలిచి ప్రదర్శన పెట్టినప్పుడు ఒకాయన "మా సందులో బాణం ఇటు కాదు బాబూ" అంటే, అక్కడే పెన్సిల్ తీసి దిద్దాడు. నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగింది అప్పుడే.

బ్రాడీపేట టీచర్:
గుంటూరులో ఇలాంటి బడిలోనే పనిచేస్తున్నాను. మీ అత్తగారికి చెప్పండి, ఇది నిన్న మొన్నటి మోజు కాదు. 1918లోనే అమెరికాలో కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త ప్రాజెక్టు పద్ధతి గురించి రాశారు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనితో చదువు చెప్పాలన్నారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా అనుభవంతో నేర్చుకోవాలనే అంటుంది.

కానీ పేరు చూసి మోసపోవద్దండీ. రాత్రికి రాత్రి నాన్న థర్మాకోల్ కోసి అతికించేది ప్రాజెక్టు కాదు. మేం పిల్లల్ని మిర్చి యార్డుకు తీసుకెళ్తాం. తుమ్ములతో మొదలవుతుంది. తేజ రకం మిర్చికీ సన్నం రకానికీ ధర ఎందుకు తేడా, తేమ ఎక్కువుంటే రేటు ఎందుకు పడుతుందని రైతునే అడుగుతారు. తిరిగొచ్చాక పచ్చి కాయలు తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూచి శాతం కడతారు. బడికి వెళ్ళినప్పుడు గోడల మీది చార్టులు కాదు, పిల్లల నోటుబుక్కులు అడిగి చూడండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు కనిపించాలి.

తాడేపల్లి అక్క:
మా అనుభవం వేరండి. మా పాపను రెండేళ్ళు చదివించి మార్చేశాం. తరగతికి పదిమందే. ఇద్దరు స్నేహితురాళ్ళతో మాటలు ఆగిపోతే ఇంకో సెక్షన్ అంటూ లేదు, రోజంతా వాళ్ళ మధ్యే ఉండాలి. టీచర్లు కూర్చోబెట్టి మాట్లాడించారు, కానీ అందరికీ అన్నీ తెలిసిపోవడమే దానికి టెన్షన్ అయింది. లెక్కల్లో అభ్యాసం కూడా చాల్లేదు. బడి చెడ్డదని అనను. దగ్గరితనం అందరు పిల్లలకూ ఒకేలా పడదు.

బ్రాడీపేట టీచర్:
అక్క చెప్పింది నిజం. చిన్న బడిలో పిల్ల కనిపించకుండా ఉండటం కుదరదు. గొడవ వస్తే ఎవరు, ఎలా చూస్తారో చేరే ముందే అడగండి.

పటమట అమ్మ:
పదో తరగతి సంగతేంటి?

సత్యనారాయణపురం నాన్న:
మావాడిది స్టేట్ బోర్డే, అందరిలాగే 600 మార్కులకు. తొమ్మిది సగం నుంచి పాఠ్యపుస్తకాలు గట్టిగా పట్టించారు. మొదటి టెస్టుల్లో తక్కువొచ్చాయి, తర్వాత అందుకున్నాడు. కొన్ని చోట్ల ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా రాయిస్తారు. దానికి 14 ఏళ్ళు నిండాలి. బడికి గుర్తింపు ఉందా, ఏ బోర్డు అన్నది ముందే కాగితం మీద చూసుకోండి. మావాడు ఏదో చెప్తానంటున్నాడు, కింద వాడే రాస్తాడు.

సత్యనారాయణపురం నాన్న ఫోన్ నుంచి, అబ్బాయి:
ఆంటీ, నాన్న చెప్పినదంతా నిజమే. ఒక్క మాట. నాకు చీటీలో మాట్లాడే పని రావడం కుదిరింది, అందరికీ కుదరదు. మా జట్టులో ఒకమ్మాయి అసలు మాట్లాడేది కాదు. తనను ఎవరూ బలవంతపెట్టలేదు. టర్మంతా కొలతల నోటుబుక్కు చూసుకుంది. ఒక వీధిలో మేం అడుగులూ అంగుళాలూ కలిపేసి రాస్తే పట్టుకున్నది తనే. ప్రదర్శన రోజు ఎత్తుల గురించి ఎవరో అడిగితే, మాకెవరికీ తెలియక తన వైపు చూశాం. లేచి మొత్తం చెప్పింది. మీ అమ్మాయికి ఏ పని ఇష్టమో ముందు చూడమని టీచర్లకు చెప్పండి. చేర్చే ముందు ఒక పూట తనను ఏదో ఒక జట్టుతో కూర్చోనివ్వమని అడగండి, ఒప్పుకుంటారు. ఆ పూట మాత్రం మీరు లోపలికి రావద్దు ఆంటీ.