యాంకర్‌ని లంగరు అంటే తప్పేంటి?

కోనసీమ కుర్రాడు:
మా ఊరి తీర్థానికి స్టేజీ ప్రోగ్రామ్ ఉంది. కరపత్రంలో ‘యాంకర్’ అని రాస్తే ఒక మాస్టారు కొట్టేసి, “తెలుగు లేదా? లంగరు ఉందిగా!” అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం డౌటొచ్చింది. ఇంగ్లిష్ వాళ్లకి ఓడకీ టీవీకీ ఒకే మాట సరిపోతే, మనకెందుకు సరిపోదు?

రేవు మనిషి, కాకినాడ:
సరిపోదండి. మాకు లంగరంటే ఇనుము, తుప్పు, బురద. ఇక్కడి యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు. దూరంగా లంగరేసుకుని ఉంటే, బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్తాయి. బరువుకే ఓడ ఆగుతుందనుకుంటారు చాలామంది. లంగరు కొమ్ము బురదలో దిగబడాలి. గొలుసు లోతుకి నాలుగైదు రెట్లు వదిలితే కొంత నేలమీద పడుకుని, లంగరుని అడ్డంగా లాగుతుంది. తక్కువ వదిలారో, నిలువుగా లాగి పెకలించేస్తుంది. ఇదంతా మైకు పట్టుకున్న అమ్మాయికి అంటగడతారా?

పాత నిఘంటువు:
మాస్టారికి చెప్పండి, లంగరు కూడా మనది కాదు, పారసీకం. తమిళంలో నంగూరం అయింది. గురుద్వారాల్లో అన్నం పెట్టే లంగర్ కూడా పారసీక మాటే. ‘వ్యాఖ్యాత’ అని వేయండి.

కోనసీమ కుర్రాడు:
వ్యాఖ్యాత అంటే క్రికెట్ కామెంటరీ గుర్తొస్తుందండి. పరాయి మాటైతే ఏం? 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు కోసం ధర్మాడి సత్యం బృందం గోదారిలో లంగర్లు వేసి వెతికినప్పుడు, లంగరంటే ఏంటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

రేవు మనిషి, కాకినాడ:
మీరే నా పాయింట్ చెప్పారు. ఆ వార్త చదివింది యాంకర్, నీళ్లలో వేసింది లంగరు. ఇంగ్లిష్‌కి ఒకటే ఉంటే మనకి రెండున్నాయి. ఉన్నదాన్ని ఎందుకు పోగొట్టుకోవడం?

సెంట్రింగ్ మేస్త్రి:
మాదీ వినండి. పిల్లర్ అడుగున బిగించేది యాంకర్ బోల్టు. లంగరు బోల్టు కావాలని అడిగితే కొట్టువాడు పడవెక్కడ కట్టావంటాడు.

కోనసీమ కుర్రాడు:
గొడవెందుకని ‘కార్యక్రమ నిర్వహణ’ అని వేయించాం. ఆ అమ్మాయి కరపత్రం చూసి ఫోన్ చేసింది: “యాంకర్ అని వేయలేదేంటండీ, నన్ను తీసేశారా?”