టావోస్ స్కీ వ్యాలీ: కొత్తవాళ్లం వెళ్లొచ్చా?

ఫ్రిస్కో_నాన్న:
ప్రెసిడెంట్స్ డే సెలవులకి డాలస్ నుంచి నాలుగు కుటుంబాలం స్కీయింగ్‌కి న్యూమెక్సికోలోని టావోస్ వెళ్దామనుకున్నాం. నేను స్కీలు తొడిగింది రెండేసార్లు, అదీ చిన్న కొండల మీద. మా ఆవిడ అసలు చేయలేదు. బాబుకి తొమ్మిదేళ్లు. అమ్మ ఖమ్మం నుంచి వచ్చి ఉంది, 64 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటుంది. నిన్న ఆ కొండ ఫొటోలు చూసి మా ఆవిడ "నేను రాను" అని కూర్చుంది. ఫ్రెండ్స్ మాత్రం "మా వెనకాలే వచ్చేయండి, అదే వచ్చేస్తుంది" అంటున్నారు. ఏం చేయమంటారు?

గోదారిగట్టు:
వెళ్లండి తమ్ముడూ. ఆ "వెనకాలే వచ్చేయండి" మాట ఒక్కటి మాత్రం వినకండి. నేను విన్నాను. స్కీయింగ్ మొదలుపెట్టిన రెండో ఏడాది, వేరే ఊళ్లో, మావాళ్లతో కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్ ఎక్కేశాను. పైకెళ్లాక చూస్తే దిగాల్సింది నిండా మొగల్స్ అనే దిబ్బలున్న బ్లాక్ రన్, అంటే బాగా కష్టమైన దారి. వరి కుప్పలు వేసిన కళ్లంలా, ఎటు చూసినా మంచు దిబ్బలే. నాలుగో దిబ్బ దగ్గర మోకాలు మెలిపడింది. కొండ మీద దెబ్బ తగిలినవాళ్లని చూసుకునే స్కీ పట్రోల్ వాళ్లు మంచు బండి మీద పడుకోబెట్టి దింపారు. ఆ చలికాలమంతా ఫిజియోథెరపీకే పోయింది.

మీ ఆవిడ ఫొటోలో చూసింది ఆల్స్ రన్ అయ్యుంటుంది. కారు దిగగానే ఎదురుగా గోడలా నిలబడేది అదే. చూసినవాళ్లందరూ జడుసుకుంటున్నారనే అక్కడ బోర్డు పెట్టారు: కంగారు పడకండి, మీకు కనిపిస్తున్నది మొత్తంలో ముప్పయ్యో వంతే, తేలికవీ చాలా ఉన్నాయి అని. నిజమే. బాంబీ, హనీసకిల్, వైట్ ఫెదర్ అన్నీ గ్రీన్ రన్లే, అంటే తేలికవే. వైట్ ఫెదర్ కొండని చుట్టుకుంటూ కింది దాకా వస్తుంది. సాయంత్రం అందరూ ఇళ్లకి దిగేది దాని మీదే, కాబట్టి మూడున్నరకి ముందే దిగిపోండి.

ఆ ఆల్స్ రన్‌కి పేరు ఇచ్చినాయన ఆల్ రోజెన్, టావోస్ ఊరి డాక్టరు. గుండె జబ్బు వచ్చాక కూడా ఆక్సిజన్ సిలిండర్ వీపుకి కట్టుకుని స్కీయింగ్ చేశారు. 1955లో ఈ రిసార్ట్ మొదలుపెట్టిన ఎర్నీ బ్లేక్ జర్మనీలో పుట్టిన యూదుడు. హిట్లర్ మీద కుట్ర పన్ని ప్రాణాలు పోగొట్టుకున్న స్టౌఫెన్‌బర్గ్, ఓస్టర్ లాంటివాళ్ల పేర్లు వెస్ట్ బేసిన్ వైపు రన్లకి పెట్టుకున్నారాయన. అవన్నీ డబుల్ బ్లాక్‌లు, అంటే మరీ కష్టమైనవి, మనకి అక్కర్లేదు. కానీ ఆ మ్యాప్ చూసినప్పుడల్లా నాకు ఆ కొండ మీద గౌరవం పెరుగుతుంది.

మీరు ముగ్గురూ క్లాసులో చేరండి. సెలవు వారం కదా, ముందే బుక్ చేయండి, బాబుది మరీ ముందు.

అసలు జాగ్రత్త ఎత్తుతోనే. మన డాలస్ ఐదొందల అడుగులైనా లేదు. అక్కడ కొండ కిందే 9,200 అడుగుల ఎత్తు. ఒక్క రోజులో 11, 12 గంటలు కారు నడిపి నేరుగా పైకెళ్తే ఆ రాత్రి తలనొప్పి, వాంతులు రావచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. దారిలో వచ్చే అమరిల్లో ఊళ్లో ఒక రాత్రి, టావోస్ ఊళ్లో ఒక రాత్రి ఆగండి. ఊరు ఏడు వేల అడుగుల దగ్గర ఉంటుంది. అమ్మగారిని ముందు డాక్టరుకి చూపించండి, ఆయన సరేనన్నా బస ఊళ్లోనే పెట్టండి. ఆవిడకి టావోస్ పుఎబ్లో అనే అమెరికా ఆదివాసుల పాత ఊరు చూపించండి. మట్టి ఇటుకల ఇళ్లు, మన పాతకాలం మట్టిమిద్దెల్లా అనిపిస్తాయి. చలికాలం చివర్లో కొన్ని వారాలు సందర్శకులని రానివ్వరు, కనుక్కుని వెళ్లండి.

బోర్డు_బాబు:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను స్నోబోర్డర్‌ని, రెండు స్కీలకి బదులు ఒకే పలక మీద జారతాను. 2008 దాకా అక్కడ మమ్మల్ని రానివ్వలేదు. మీ ఫ్రెండ్స్‌కి ఒక మాట చెప్పండి: తాడు కట్టి మూసిన చోటు దాటొద్దు. తెరిచి ఉన్నా కచీనా పీక్ అనే శిఖరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2019 జనవరిలో అక్కడ మంచుచరియ కింద పడి ఇద్దరు చనిపోయారు. అది రిసార్ట్ హద్దు లోపలే. ఇంకోటి, ఊరి నుంచి పైకెళ్లే 150 నంబరు రోడ్డు లోయలోంచి వెళ్తుంది, మంచు పడితే జారుతుంది. టైర్లు చూసుకోండి.

ఫ్రిస్కో_నాన్న:
మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. క్లాస్ ఉంటే వస్తానంది. ముగ్గురికీ బుక్ చేశాను. అమ్మ "మంచు చేత్తో పట్టుకుంటే చాలురా" అంటోంది. కాళ్లు గడ్డకట్టకుండా తనకి రెండు జతల సాక్సులు కొననా?

గోదారిగట్టు:
ఒక్క జతే, ఊలువి. రెండు వేస్తే బూటు బిగుసుకుని రక్తం ఆడదు, కాళ్లు ఇంకా చల్లబడతాయి. మీ స్కీ బూట్లకీ అంతే. మంచు పట్టుకోవడానికి ఆవిడ కొండెక్కక్కర్లేదు. ఫిబ్రవరిలో ఊళ్లోనే ఏదో ఒక గోడ నీడన దొరుకుతుంది.