అమ్మ ఉంటున్న బ్రాడీపేట ఇల్లు అమ్మడం న్యాయమేనా?

పెద్దకొడుకు, గుంటూరు:
నాన్నగారి సంవత్సరీకం అయింది. ఆయన వీలునామా రాయలేదు. బ్రాడీపేటలో ఉన్న డాబా ఇల్లు ఆయన సొంత సంపాదనతో 1986లో కట్టుకున్నది. వారసులం అమ్మ, నేను, తమ్ముడు, చెల్లెలు. అమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంటోంది. పక్క స్థలం తీసుకున్న బిల్డర్ మాకూ మంచి రేటు చెబుతున్నాడు. తమ్ముడు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొని ఈఎంఐలతో నలిగిపోతున్నాడు, వెంటనే అమ్మేద్దామంటాడు. అమ్మ మా ఇద్దరి దగ్గరా ఉంటుందట. చెల్లెలికి కట్నం ఇచ్చాం కాబట్టి సంతకం పెడితే చాలట. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి జోలికి వెళ్లకూడదని నా పట్టుదల. మీరేమంటారు?

సత్యనారాయణపురం వాసి:
మీ బాధ అర్థమైంది, కానీ నేను మీ తమ్ముడి వైపే. విజయవాడలో మా తాతగారి పెంకుటిల్లు ఒకటుంది. ఆయన పోయినప్పుడు వారసులు నలుగురు. తర్వాత చూద్దామంటూ ఏళ్లు గడిపారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు, మనవలు కలిసి పదహారు సంతకాలు కావాలి. ఒకరు అమెరికాలో, ఇంకొకరు ఫోనే ఎత్తరు. గోడలో రావిమొక్క మొలిచింది. ఇంటిపన్ను ఎవరు కట్టాలన్న దగ్గరే మాటలు ఆగిపోయాయి. అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకోగలిగినప్పుడే తేల్చేసుకోండి.

తెనాలి ఆడపడుచు:
అన్నగారు చెప్పింది ఎవరూ ఉండని ఇంటి సంగతి. ఇక్కడ అమ్మ ఉంది. మా పెదనాన్న పోగానే గుంటూరు కొత్తపేటలో ఇల్లు అమ్మి కొడుకులు పంచుకున్నారు. మా పెద్దమ్మకు మూడేసి నెలల వంతులు. ఎవరింట్లో ఉన్నా ఆవిడ బట్టలు పెట్టెలోనే ఉండేవి, బీరువాలో సర్దుకునేది కాదు. కొడుకులు చెడ్డవాళ్లు కారు. వేళకు అన్నం పెట్టారు, మందులు కొన్నారు. కానీ తనకు నచ్చిన కూర తన వంటింట్లో వండుకునే వీలు పోయింది, పొద్దున్నే పలకరించే ఇరుగుపొరుగు పోయారు. అమ్మ "మీ ఇష్టం నాయనా" అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదండీ. కొడుకులు ఇంట్లో లేనప్పుడు కూతుర్ని అడగమనండి.

చెల్లెలి సంగతికొస్తే, కట్నం ఇచ్చినందుకు వాటా పోదు. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు. అంటే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకు, కొడుకులకు, కూతురికి సమాన వాటాలు. నాయనమ్మ ఉంటే ఆవిడకూ ఒక వాటా. లేకపోతే మీ నలుగురికీ తలా పావు. ఆడపిల్లకు హక్కు 2005 సవరణతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆ సవరణ ముఖ్యంగా తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో కూతురు విభజన అడగడానికి ఉన్న అడ్డంకి కూడా అప్పుడే పోయింది. చెల్లెలు తనంతట తాను వదులుకుంటే అది ఆమె ఇష్టం. సంతకం పెట్టు చాలు అనడం మాత్రం అన్యాయం.

దస్తావేజు లేఖరి, విజయవాడ:
బిల్డర్ తొందరపెడితే కంగారుపడకండి. వారసులందరూ సంతకం పెడితేనే అతనికి ఇల్లు మొత్తం దక్కుతుంది. మీ తమ్ముడు తన పావు వాటా ఒక్కటే అమ్మినా, కొన్న బయటివాడు వచ్చి మీతో కలిసి ఆ ఇంట్లో ఉంటాననలేడు, విభజన కోరాల్సిందే. పైగా వారసుల్లో ఒకరు వాటా అమ్ముకోవాలంటే ముందుగా కొనే హక్కు మిగతా వారసులకు ఉంది. ఇది మీరు బాగా ఆలోచించాల్సిన విషయం.

అమ్మినా అమ్మకపోయినా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ (ఆస్తి మీద ఉన్న రిజిస్టరు లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (ఇంటి పాత దస్తావేజులు) ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఇంటిపన్ను ఒకరి పేరుకు మారినంత మాత్రాన ఇల్లు వాళ్లదైపోదు. వారసత్వంగా ఇల్లు వచ్చినందుకు ఆదాయపన్ను ఉండదు, అమ్మినప్పుడే లాభం మీద పడుతుంది. ఇది పాత ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. ఎవరి వాటా లాభం వారు విడిగా చూపించుకోవాలి.

సత్యనారాయణపురం వాసి:
చెల్లెలి వాటా విషయంలో తెనాలి చెల్లమ్మతో ఏకీభవిస్తున్నాను. అమ్మ విషయంలోనూ కొంత తగ్గుతాను. కానీ పెద్దకొడుకు గారూ, ఈఎంఐ మీరు కట్టడం లేదు కదా! గుంటూరులో ఉండి ఆగమనడం తేలిక. అమ్మ తర్వాత చూద్దామన్న నోటిమాట నాకు నచ్చదు. వాటాలు ఇప్పుడే దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించండి. తమ్ముడికి డబ్బు అవసరమైతే అతని వాటా మీరే కొనండి.

పెద్దకొడుకు, గుంటూరు:
కొనాలంటే నాకూ లోను కావాలి, బ్యాంకులో అడుగుతున్నాను. నిన్న నేను లేనప్పుడు చెల్లెలు వచ్చి అమ్మతో మాట్లాడింది. మేడ మీది భాగం అద్దెకిచ్చి, లోను వచ్చేదాకా ఆ అద్దె తమ్ముడికే పంపమందట అమ్మ, తను కింద ఉంటుందట. ఇల్లు వదిలి రానని గట్టిగానే చెప్పిందట. చెల్లెలు కూడా తన పావు వాటా వదులుకోనంది. తమ్ముడు ఆదివారం వస్తున్నాడు. అద్దె, వాటా కొనడం, చెల్లెలి మాట మూడూ అమ్మ ఎదుటే అతనితో మాట్లాడతాను. అతను ఒప్పుకుంటే లేఖరి గారి దగ్గరికి నలుగురం కలిసే వస్తాం.