రోడ్డు పక్క కాలువ పూడిక మనమే ఉచితంగా తీసుకోవాలా?

కొండబడి మాస్టారు:
అందరికీ నమస్కారం. పాడేరు వైపు కొండల్లో ఒక చిన్న బడిలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. రెండేళ్ల కిందట మా ఊరికి బీటీ రోడ్డు పడింది. అంతకుముందు మెయిన్ రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు నడకే. నేను చేరిన మొదటి వర్షాకాలంలో, మా మూడో తరగతి పిల్లాడి తల్లిని కాన్పుకి డోలీలో మోసుకెళ్లారు. వెదురు బొంగుకు దుప్పటి కట్టి ఇద్దరు మోస్తుంటే, భుజం మార్చుకోవడానికి ఇంకో నలుగురు వెంట నడిచారు. గెడ్డ దాటేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. అందుకే ఈ రోడ్డంటే నాకు ప్రాణం.

మొన్నటి వానలకు రెండో మలుపు దగ్గర కొండవైపు కాలువ మట్టితో, ఆకులతో పూడిపోయింది. నీళ్లన్నీ రోడ్డు మీద నుంచే పారి, లోయవైపు అంచు రెండడుగుల మేర కోసుకుపోయింది. సంత రోజున జీపు వస్తోంది గానీ, డ్రైవరు అక్కడ అందరినీ దింపి ఖాళీ బండిని దాటిస్తున్నాడు. రాత్రిపూట 108 పిలవాల్సి వస్తే ఎలా అన్నదే నా టెన్షన్.

ఆదివారం శ్రమదానం చేద్దామన్నాను. కుర్రాళ్లు సరేనన్నారు. ఒక పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "రోడ్డు పనికి కూలి లేకుండా పార పట్టం" అన్నారు. వాళ్ల తాత నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్లే రోడ్డు పనిలో రాళ్లు మోశాడట. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత రోడ్డు పని చేయించుకుని కూలి సరిగా ఇవ్వలేదని, 1922లో అల్లూరి తిరుగుబాటుకు అదీ ఒక కారణమని చదివాను. ఒక ఇంటి మాటగా వినడం ఇదే మొదటిసారి. నాకు నోట మాట రాలేదు. శ్రమదానం అడగడం తప్పా? ఇది ఎవరి పని?

ఘాట్ జీపు:
మాస్టారూ, నేను ఇరవై ఏళ్లుగా ఏజెన్సీలో బండి నడుపుతున్నాను. అంచు తెగిన చోట జనాన్ని దింపిన డ్రైవరు మంచి పని చేశాడు. పైకి తారు బాగానే కనిపిస్తుంది, కింద మట్టి ఉండదు. ఈ రోజే అక్కడ వరసగా రాళ్లు పెట్టి సున్నం కొట్టించండి, రాత్రి లైటుకి కనబడాలి.

రిటైర్డ్ ఏఈ:
మాస్టారు గారూ, ముప్పై ఏళ్లు గ్రామీణ రోడ్ల పనులు చూసినవాణ్ని. పెద్దాయన చెప్పిందే న్యాయం. ఎందుకో చెబుతాను.

మీది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డే అయి ఉంటుంది. 2000 డిసెంబర్ 25న మొదలైన పథకం అది. మైదానంలో 500 జనాభా ఉన్న ఊళ్లకు, ఏజెన్సీలో 250 ఉన్నా సరే, రోడ్డు వేయాలన్నారు. ఇందులో కాంట్రాక్టరు రోడ్డు వేసి వెళ్లిపోతే సరిపోదు. ఐదేళ్ల నిర్వహణ కూడా అదే ఒప్పందంలో ఉంటుంది. కాలువ పూడిక తీయడం, గుంతలు పూడ్చడం, అంచులకు మట్టి కట్టడం అన్నీ అందులోవే. వాటికి డబ్బు విడిగా ఇస్తారు. మీ ఊరివాళ్లు ఉచితంగా చేస్తే, ఆ డబ్బు చేయని పనికి పోతుంది. ఇది నా సర్వీసులో కళ్లారా చూసి బాధపడిన విషయం.

ఇక కాలువ సంగతి. చాలామంది తారునే రోడ్డనుకుంటారు. మీ రోడ్డు మీద తారు పొర 20 ఎం.ఎం. ఉంటుంది, అంటే బొటనవేలి మందం. బరువు మోసేది దాని కింద పొరకు 75 ఎం.ఎం. చొప్పున పరిచి రోలరుతో తొక్కించిన కంకర. కొండవైపు కాలువ పూడితే నీళ్లు కంకరలోకి దిగుతాయి. అడుగున మట్టి నానిపోతుంది, మీద లోడు బండి వెళ్తే కంకర కుంగి తారు పగులుతుంది. ఆ పగుల్లోంచి ఇంకా నీళ్లు. ఒక్క వర్షాకాలం చాలు. అందుకే కొండ రోడ్డుకు నేను ముందు కాలువ చూస్తాను, తర్వాత తూము నోరు చూస్తాను, తారు ఆఖరున.

రోడ్డు మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. పని పూర్తయిన తేదీ, నిర్వహణ ఎప్పటి దాకా అన్నది చదవండి. తెగిన చోట మీటరు కర్ర పెట్టి ఫొటోలు తీయండి. ఈ పథకం రోడ్ల మీద ఫిర్యాదులు తీసుకునే మేరీ సడక్ యాప్‌లో పెట్టండి, గ్రామసభ తీర్మానం కూడా జత చేసి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు కింద ఎం బుక్ కాపీ అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఎం బుక్ అంటే ఎంత పని జరిగిందని కొలిచి రాసుకున్న పుస్తకం.

పీహెచ్‌సీ ఏఎన్‌ఎం:
సార్, కాగితాలకు టైం పడుతుంది. మీ ఊళ్లో తొమ్మిదో నెల పడినవాళ్లుంటే నొప్పులు వచ్చేదాకా ఆగొద్దు, ఇప్పుడే కిందికి దించండి. ఆశా కార్యకర్తతో మాట్లాడండి. రోడ్డు ఉంది కదా అన్న ధైర్యంతో ఆగి, అర్ధరాత్రి మళ్లీ డోలీ కట్టిన ఊరు నేను చూశాను.

కొండబడి మాస్టారు:
ఐదు వారాలయ్యింది, రాయడం ఆలస్యమైంది. ఊళ్లో ఇద్దరు గర్భిణులు ఉంటే ఆ వారమే పాడేరులో బంధువుల ఇంటికి పంపాం. ఒకరికి ఆడపిల్ల పుట్టింది.

బోర్డు పొదల్లో పడి ఉంది. పిల్లలతో కలిసి శుభ్రం చేసి చదివాను. నిర్వహణకు ఇంకా మూడేళ్లు ఉంది. అది పెద్దాయనకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. గ్రామసభ తీర్మానం మీద మొదటి వేలిముద్ర ఆయనదే. పోయిన బుధవారం కాంట్రాక్టరు మనుషులు వచ్చి, మా ఊరివాళ్లు ఆరుగురిని పెట్టుకుని కాలువ పూడిక తీయించారు. సాయంత్రానికే కూలి చేతికిచ్చారు. పెద్దాయన కూడా పార పట్టారు.

లోయవైపు అంచు మాత్రం అలాగే ఉంది. రాతిగోడ కట్టాలట, కొలతలు తీసుకువెళ్లారు. జీపు ఇంకా జనాన్ని దింపే దాటుతోంది. ఎం బుక్ కాపీ నిన్ననే చేతికొచ్చింది. ఏఈ గారూ, ఇందులో ముందు ఏ పేజీ చూడాలి?