పీఎన్‌జీ డిజైన్ అని దించితే పాస్‌వర్డ్ ఉన్న జిప్ వచ్చింది. తెరవొచ్చా?

ఫ్లెక్స్‌షాప్_తెనాలి: బ్యానర్లకి పూల బార్డర్లు, దేవుళ్ల పీఎన్‌జీలు ఫ్రీ సైట్లలో, టెలిగ్రామ్ గ్రూపుల్లో దించుకుంటాం. ఈసారి జిప్ వచ్చింది, పాస్‌వర్డ్ పక్కనే రాసి ఇచ్చారు. యాంటీవైరస్ ఏమీ అనలేదు. తెరవొచ్చాండీ?

కీబోర్డ్_కాకా: వద్దండీ. పాస్‌వర్డ్ పెట్టేదే యాంటీవైరస్ లోపల చూడకుండా. ఏమీ అనలేదంటే బాగుందని కాదు, చూడలేకపోయిందని.

మామూలు జిప్ అయితే పాస్‌వర్డ్ ఇవ్వకుండానే లోపలి ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. సెవెన్‌జిప్ (జిప్‌లు తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్)లో తెరిచి పేర్లు మాత్రం చూడండి. చివర ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, జేఎస్, ఎల్ఎన్‌కే ఉంటే అక్కడికక్కడే డిలీట్. ఎస్‌సీఆర్ అంటే స్క్రీన్ సేవర్, అదీ ప్రోగ్రామే. ఎల్ఎన్‌కే అంటే షార్ట్‌కట్.

విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. లేకపోతే "గణపతి.జేపీజీ.ఈఎక్స్ఈ"లో చివరి ముక్క దాక్కుని "గణపతి.జేపీజీ" అనే కనబడుతుంది. టిక్ పెట్టినా ఎల్ఎన్‌కే కనబడదు. పైగా పేరులో అక్షరాల్ని తిరగేసే గుప్త గుర్తు ఒకటి పెట్టి చివర్లో జేపీజీ కనిపించేలా చేస్తారు. అందుకే డీటెయిల్స్ వ్యూలో టైప్ కాలమ్ చూడటం అలవాటు చేసుకోండి. అప్లికేషన్, షార్ట్‌కట్, స్క్రీన్ సేవర్ అని ఉంటే అది బొమ్మ కాదు. ఐకాన్‌ని అస్సలు నమ్మొద్దు, ప్రోగ్రాముకి ఏ బొమ్మైనా ఐకాన్‌గా పెట్టొచ్చు.

పిక్సెల్_రావు: అనుమానం తీరకపోతే ముందు నోట్‌ప్యాడ్ తెరిచి, ఓపెన్‌లోంచి ఆ ఫైల్ ఎంచుకోండి. అలా తెరిస్తే ఏదీ రన్ అవదు. అంతా పిచ్చి గీతలే, మొదటి వరస చాలు. అసలు పీఎన్‌జీ అయితే మొదట్లోనే పీఎన్‌జీ అని ఉంటుంది. ఎంజెడ్ అంటే విండోస్ ప్రోగ్రాము, పీకే అంటే జిప్ లేదా ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్).

ఎస్‌వీజీ సంగతి వేరు. అది నిజంగా బొమ్మే, కానీ లోపల స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాము) పెట్టొచ్చు. బ్రౌజర్‌లో నేరుగా తెరిస్తే ఆ స్క్రిప్ట్ నడుస్తుంది, దొంగ లాగిన్ పేజీ వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో "స్క్రిప్ట్" అనే మాట ఇంగ్లిష్‌లో వెతకండి. పూల బార్డర్‌కి దానితో పనేముంది?

ఫ్లెక్స్‌షాప్_తెనాలి: అయితే అసలైన జేపీజీ, వెబ్‌పీలతో భయం లేనట్టేనా?

కీబోర్డ్_కాకా: చాలావరకు లేదు. కాకపోతే 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మల్ని చదివే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోనే లోపం బయటపడింది, క్రోమ్ సహా ప్రధాన బ్రౌజర్లన్నీ హడావిడిగా అప్‌డేట్ ఇచ్చాయి. కాబట్టి బ్రౌజర్, డిజైన్ సాఫ్ట్‌వేర్ రెండూ అప్‌డేట్‌లో ఉండాలి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌కి ఆ అప్‌డేట్లు రావు, అసలు ఆ క్రాకే పెద్ద ప్రమాదం.

సైబర్_చెల్లెమ్మ: అన్నా, వైరస్‌టోటల్‌లో (ఫైల్‌ని చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వెబ్‌సైట్) వేసి చూడొచ్చు, డిజైన్ ఫైళ్లయితేనే. కస్టమర్ల ఫొటోలు, ఆధార్ కాపీలు వేయొద్దు, అక్కడ వేసినవి బయటివాళ్లకీ అందుతాయి. ఫోన్‌లో "పెళ్లి పత్రిక" అని వచ్చే ఏపీకే కూడా ఇదే బాపతు, పత్రిక చూడ్డానికి ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు.

షాపులో ఎవరైనా ఇప్పటికే డబుల్ క్లిక్ చేసి ఉంటే ముందు నెట్ కేబుల్ పీకండి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లన్నీ వేరే ఫోన్ నుంచి మార్చండి, ఆ సిస్టమ్‌లోంచి కాదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ లాగౌట్ చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.