స్పైరలైజర్‌లో క్యారెట్ తీగలుగా రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న: పిడి తిప్పితే కూరగాయల్ని నూడుల్స్‌లాంటి తీగలుగా కోసే రకం స్పైరలైజర్ ఇది. క్యారెట్ పెడితే అర్ధచంద్రాకారపు ముక్కలే పడుతున్నాయి. జుకినీ (కీరదోసలా ఉండే కూరగాయ) తీగలు బాగానే వస్తున్నాయి గానీ, వండితే నీళ్లలో తేలుతున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు 1: కాయ సరిగ్గా మధ్యకు కూర్చోకపోతే అలాంటి ముక్కలే వస్తాయి. బ్లేడు ఒకవైపే కోస్తుంది, రెండోవైపు గాలిలో తిరుగుతుంది. రెండు చివర్లూ అడ్డంగా, సమంగా కోయండి. బ్లేడు మధ్యనున్న గుండ్రటి గొట్టం కాయ నడిమికి గుచ్చుకోవాలి. క్యారెట్ కనీసం 4 సెం.మీ. లావుండాలి, సన్నవాటితో కుస్తీ పట్టడం దండగ. వంకర కాయైతే రెండు ముక్కలు చేసి విడివిడిగా పెట్టండి. మధ్యలో పక్కకి జరిగితే ఆపి, చివర మళ్లీ కోసి బిగించాలి. గట్టిగా నెట్టకండి, నెడితే తీగ తెగుతుంది.

జవాబు 2: జుకినీకి నీళ్లెక్కువ. రెండు కాయల తీగలకు అర చెంచా ఉప్పు పట్టించి, 15 నిమిషాలు చిల్లుల గిన్నెలో ఉంచి, గుడ్డలో వేసి పిండండి. వెడల్పు పాన్, పెద్ద మంట, రెండు నిమిషాలు చాలు. మూత మాత్రం వద్దు. ఉప్పు ముందే పట్టింది కాబట్టి మళ్లీ రుచి చూసి వేయండి.

జవాబు 3: పని కాగానే బ్లేడును బ్రష్‌తో కడగండి, వేలితో వద్దు. పీచు ఎండితే వదలదు. ప్లాస్టిక్‌కి అంటిన క్యారెట్ రంగు కాస్త నూనె రాసి తుడిస్తే చాలావరకు పోతుంది.