అంగ్కోర్ గుళ్ళ మరమ్మతులో కాంక్రీటా?

పాదచారి: కంబోడియాలో అంగ్కోర్ గుళ్ళున్న సియెం రీప్ వెళ్ళొచ్చా. బాపువాన్ గుడి లోపల ఫ్రెంచివాళ్ళు కాంక్రీటు గోడలు దాచారని గైడ్ చెప్పాడు. మనసు చివుక్కుమంది. సున్నం చుక్క లేకుండా రాయికి రాయి అరగదీసి అతుకు కనపడకుండా కూర్చిన గుడికి ఇదా మర్యాద?

సివిల్_రావు: అతుకు గొప్పదే. కానీ ఆ గుడి పొట్టలో ఉన్నది ఇసుకమట్టి, రాయి పైతొడుగు. వాననీళ్ళు దిగితే మట్టి బరువెక్కి తొడుగుని తోస్తుంది. 3 లక్షల రాళ్ళు విప్పి నంబర్లేశారు, 1970ల యుద్ధంలో ఆ కాగితాలే పోయాయి. 1995లో మళ్ళీ మొదలెట్టి 2011కి ముగించారు. ఇంకోసారి విప్పమంటారా?

పాదచారి: ఇసుక తప్పైతే మన రామప్ప? 1213 నాటిది, ఇసుక పునాది మీదే ఉంది.

సివిల్_రావు: అది గోతిలో, నాలుగు పక్కలా నేల పట్టుకున్న ఇసుక. ఇది నేలమీద ఎత్తుగా పోసిన దిబ్బ. రెండూ ఒకటేనా బాబూ?

గోదారి_గట్టు: టికెట్ ఎంత పాదచారీ?

ఉలి_దెబ్బ: సార్లకి ఇసుక తెలుసు, రాయి తెలీదు. ఆ గుళ్ళకి రాయి తెచ్చిన కులెన్ కొండ ఇసుకరాయికి పొర ఉంటుంది. గనిలో ఎలా పడుకుందో గోడలోనూ అలాగే పడుకోవాలి. ఆ గుళ్ళు కట్టినవాళ్ళు స్తంభాలకి పొర నిలబెట్టారు, అందుకే అడుగున పెచ్చులు. కొయ్యకి అలవాటుపడ్డ చెయ్యి అది. రాజుగారి మేడ కూడా కొయ్యదే, రాయి దేవుడికే.

సివిల్_రావు: అంటే వాళ్ళది తప్పని మీరే ఒప్పుకున్నారు.

ఉలి_దెబ్బ: ఆ తప్పు పట్టుకునేది మా రాతిపనివాళ్ళే అంటున్నా. మా ఊరి శివాలయం బాగుచేసేటప్పుడు నాన్న పొర చూసి పెట్టమన్నాడు. ఇంజినీరు "పెద్దాయనా, పక్కకి జరుగు" అని సందుల్లో సిమెంటు కూరించాడు. మూడో వానాకాలానికి ఉప్పు పూసి, అరచేయంత పెచ్చు ఊడింది. మా దొడ్లో ఉంది, చూపిస్తా రండి.

సివిల్_రావు: ఎవరో చేసిన పాపం నా నెత్తిన రుద్దకండి.

ఉలి_దెబ్బ: రుద్దుతా! అక్కడే బేయాన్ గుడి ఉత్తర గ్రంథాలయంలో జపాన్‌వాళ్ళు మట్టినే మళ్ళీ దిమ్మిస కొట్టి నిలబెట్టలేదూ?

సివిల్_రావు: సున్నం కలిపి! పాదచారి గారి "సున్నం చుక్క" ఏమైంది?

పాదచారి: నేనన్నది రాళ్ళ మధ్య!!

సివిల్_రావు: ఉలి గారూ, మీ నాన్నగారిని అడగాల్సింది, ఒప్పుకుంటా. కానీ రేపు దిబ్బ జారితే జవాబు చెప్పేది కాగితం మీద సంతకం పెట్టినవాడు.

ఉలి_దెబ్బ: ఆ సంతకం ఎప్పుడైనా ఆయన్ని పెట్టనిచ్చారా?

పాదచారి: గట్టు గారూ, ఒకరోజుకి 37 డాలర్లు.